ఖండం చీలిన తీరును బట్టే సముద్రపు అడుగున ఖనిజం

వార్తల్లో 'సముద్రగర్భ ఖనిజాలు' అని ఒకే మాటలో చెప్పేస్తారు. నిజానికి అవి ఒకదానితో ఒకటి పొంతన లేని కనీసం ఐదు రకాలు. నాలుగైదు వేల మీటర్ల లోతున బురదమీద పరుచుకుని ఉండే, పిడికిట్లో పట్టేంత మాంగనీస్ ముద్దలు ఒక రకం. వేడినీటి బుగ్గల చుట్టూ పేరుకునే రాగి, జింకు సల్ఫైడ్లు ఇంకో రకం. మునిగిన కొండల మీద పెచ్చు కట్టే కోబాల్ట్, తీరానికి దగ్గర్లో ఇసుకలో కలిసి ఉండే ఫాస్ఫేట్ గుళికలు, నదులు మోసుకొచ్చి కడలిలో వదిలిన వజ్రాలు మిగతావి. వీటన్నిటినీ ఒకే మ్యాపులో రంగురంగుల చుక్కలుగా పెడితే, ఎవరో గుప్పెట్లతో చల్లినట్టు కనిపిస్తాయి.

ఏ చుక్కా ఊరికే అక్కడ పడలేదు. ప్రతిదాని వెనకా మూడు ప్రశ్నలకు జవాబులు ఉన్నాయి. అక్కడి అడుగు ఏ రాయి? ఆ రాయి ఇంకా వేడిగా ఉందా, చల్లారిపోయిందా? దాని మీద బురద ఎంత వేగంగా పడుతోంది? ఖండాల అంచుల దగ్గర ఈ మూడింటికీ జవాబు చెప్పేది ఆ ఖండం ఎలా చీలిందన్న విషయమే. కాబట్టి లోహం సంగతి కాసేపు పక్కనపెట్టి చీలిక నుంచే మొదలుపెట్టాలి.

ఖండం ఎక్కడ ఆగుతుంది?

ఖండం తీరం దగ్గర ఆగిపోదు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పే గీత మాత్రమే తీరం. ఖండ భూపటలం మామూలుగా 30 నుంచి 40 కిలోమీటర్ల మందం ఉంటుంది, సముద్ర భూపటలం 6, 7 కిలోమీటర్లే. ఒకదాని నుంచి ఇంకోదానికి మారేది తీరం దాటి, ఖండతీరపు వాలు కింద ఎక్కడో. ఆ మార్పు కొన్నిచోట్ల యాభై కిలోమీటర్లలోనే ముగుస్తుంది, కొన్నిచోట్ల రెండు వందలు దాటినా ముగియదు. అట్లాంటిక్‌కు రెండు వైపులా ఉన్న అంచులు చాలావరకు ఇలా ఒకే ఖండం రెండుగా చీలి విడిపోగా ఏర్పడినవే. ఇప్పుడు అక్కడ పలకల ఢీ గానీ, అగ్నిపర్వతాల వరస గానీ లేవు. అందుకే వాటిని నిష్క్రియ అంచులు అంటారు. పుట్టిన రోజుల్లో మాత్రం అవి ఏమాత్రం నిష్క్రియంగా లేవు.

లాగినప్పుడు భూపటలం పై భాగం, అంటే పది పదిహేను కిలోమీటర్ల వరకు, పెళుసుగా విరుగుతుంది. ఆ కింద వేడికి మెత్తబడిన రాయి సాగుతుంది. విరిగిన దిమ్మెలు బీరువాలో వాలిపోయిన పుస్తకాల్లా ఒకదానిమీదికి ఒకటి ఒరుగుతాయి. వాటి మధ్య పడిన ముక్కోణపు గుంటల్లో నది ఇసుక, సరస్సు బురద, ఆ తర్వాత ఉప్పు నిండుతాయి. ఈ సాగుడును 1978లో భూభౌతిక శాస్త్రవేత్త డాన్ మెకెంజీ చిన్న లెక్కలో పెట్టాడు. మొదటి మందాన్ని చివరి మందంతో భాగిస్తే వచ్చే సంఖ్య బీటా. 35 కిలోమీటర్ల పటలం 17.5కి తగ్గితే బీటా 2. అంచు కిందికి కుంగేది రెండు దశల్లో. సాగుతున్నప్పుడు పటలం పలచబడటం వల్ల ఒకసారి కుంగుతుంది. సాగుడు ఆగాక, పైకి వచ్చిన వేడి మాంటిల్ (భూపటలం కింద ఉండే రాతి పొర) చల్లబడి బరువెక్కడం వల్ల మళ్లీ నిదానంగా కుంగుతుంది. రెండో దశలో వేగం సుమారు 6 కోట్ల సంవత్సరాలకోసారి మూడో వంతుకు కాస్త పైగా మిగిలేలా పడిపోతూ వస్తుంది. పాత అంచుల మీద కిలోమీటర్ల మందాన మట్టి పేరుకోవడానికి చోటు దొరికింది ఈ రెండో కుంగుడు వల్లే.

బీటా 4 దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. 35ను నాలుగుతో భాగిస్తే తొమ్మిది కిలోమీటర్ల లోపే. అంత పలచనయ్యాక పటలంలో మెత్తటి భాగం అంటూ మిగలదు, పై నుంచి కింది దాకా అంతా పెళుసే. పగుళ్లు నేరుగా మాంటిల్ దాకా దిగుతాయి, వాటి వెంట సముద్రపు నీరూ దిగుతుంది. మాంటిల్‌లోని పెరిడొటైట్ అనే రాయి నీటిని పీల్చుకుని సర్పెంటైన్‌గా మారుతుంది. ఈ మార్పు చిన్నది కాదు. ఘన సెంటీమీటరుకు 3.3 గ్రాముల సాంద్రత పూర్తిగా మారితే 2.6 దాకా పడిపోతుంది. రాయి ఉబ్బుతుంది, జారుడుగా తయారవుతుంది. ఆ రాయిలోని ఆలివిన్ అనే ఖనిజంలో ఉన్న ఇనుము ఆక్సీకరణం చెంది మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం అవుతూ నీటి నుంచి హైడ్రోజన్ విడుదల చేస్తుంది. జారుడు పొర ఏర్పడ్డాక పైనున్న ఖండపు దిమ్మెలు దాని మీదుగా జారిపోతాయి. చివరికి మాంటిలే సముద్రపు అడుగున బయటపడుతుంది.

ఇది ఊహ కాదు. 1985లో జాయిడిస్ రిజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ స్పెయిన్‌కు పడమట గలీసియా అంచు దగ్గర రంధ్రం వేస్తే, అవక్షేపాల కింద తగిలింది సముద్ర భూపటలపు బసాల్టూ కాదు, ఖండపు గ్రానైటూ కాదు. సర్పెంటైన్‌గా మారిన పెరిడొటైట్. 1993, 1997లలో ఇంకాస్త దక్షిణాన ఐబీరియా అగాధ మైదానంలో వేసిన రంధ్రాలూ అదే చెప్పాయి. ఖండానికీ అసలైన సముద్ర భూపటలానికీ మధ్య వంద కిలోమీటర్లు దాటిన వెడల్పున, రెండింటికీ చెందని మాంటిల్ నేల ఉంది.

దీనికి పూర్తిగా ఎదురు రకం నార్వే దగ్గరి వోరింగ్ అంచు, దానికి జోడీ అయిన తూర్పు గ్రీన్‌లాండ్ అంచు. సుమారు 5.5 కోట్ల ఏళ్ల క్రితం అవి విడిపోయినప్పుడు శిలాద్రవం విపరీతంగా పైకి వచ్చింది. వందల మీటర్ల లావా పొరలు సముద్రం వైపు వాలుతూ పేరుకున్నాయి, సీస్మిక్ చిత్రంలో, అంటే కిందికి ధ్వని పంపి తిరిగొచ్చినదానితో గీసిన చిత్రంలో, అవి ఒకవైపుకు దువ్విన జుట్టులా కనిపిస్తాయి. నమీబియా, బ్రెజిల్ జంట అంచుల్లో చాలా భాగమూ ఈ రకమే. ఇక్కడ మాంటిల్ బయటపడదు. పటలం అడుగున మందపాటి గాబ్రో, అంటే లోపలే గట్టిపడిన శిలాద్రవపు రాయి, అతుక్కుంటుంది.

ఈ రెండు రకాలనూ విడదీయడంలోనే అన్వేషకులు ఎక్కువగా దెబ్బతింటారు. అడుగున అతుక్కున్న గాబ్రోలో ధ్వని తరంగం సెకనుకు 7.2 నుంచి 7.6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సగం దాకా కూడా సర్పెంటైన్ కాని పెరిడొటైట్‌లోనూ అదే వేగం. గురుత్వ కొలతలు అడిగినా రెండింటికీ దాదాపు ఒకే జవాబు. అయస్కాంత కొలతలు ఇంకా తప్పుదారి పట్టిస్తాయి, ఎందుకంటే సర్పెంటైన్‌లో పుట్టిన మాగ్నెటైట్ సముద్ర భూపటలంలో ఉండే అయస్కాంత చారల్ని పోలిన గీతలు గీస్తుంది. ఆ చారలు చూసి 'ఇక్కడి నుంచి సముద్ర భూపటలం' అని గీత గీస్తే అది పదుల కిలోమీటర్లు తప్పవచ్చు. అడుగున సీస్మోమీటర్లు దించి అడ్డ తరంగాలను (రాయిని పక్కలకు ఊపుతూ పోయేవి) కూడా కొలిస్తే కొంత తేలుతుంది. సర్పెంటైన్‌లో అడ్డ తరంగం ధ్వని తరంగంతో పోలిస్తే బాగా మందగిస్తుంది, గాబ్రోలో అంతగా కాదు. ఖచ్చితంగా తేలేది రంధ్రం వేస్తేనే.

వేడి ఉన్నప్పుడు: ఎర్రసముద్రం

చీలిక ఖనిజంగా మారడాన్ని ఇప్పుడు, మన కాలంలో చూడాలంటే ఎర్రసముద్రానికి మించిన చోటు లేదు. అరేబియా, ఆఫ్రికా పలకలు ఏడాదికి ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల చొప్పున విడిపోతున్నాయి. దక్షిణ భాగంలో సుమారు 50 లక్షల ఏళ్లుగా అసలైన సముద్ర భూపటలం పుడుతోంది. రెండు పక్కలా మయోసీన్ కాలపు (సుమారు 2.3 కోట్ల నుంచి 50 లక్షల ఏళ్ల కిందటి) ఉప్పు పొరలు కిలోమీటర్ల మందాన ఉన్నాయి. లోతు తక్కువ, తలుపు మూసుకున్న సముద్రం ఎండి మిగిల్చిన ఉప్పు అది.

మధ్యలో అట్లాంటిస్ టూ డీప్ అనే గుంట ఉంది. సుమారు 2,000 నుంచి 2,200 మీటర్ల లోతు, అరవై చదరపు కిలోమీటర్ల వైశాల్యం. దాన్ని కనిపెట్టిన పరిశోధక నౌకల్లో ఒకదాని పేరే పెట్టారు. ఎర్రసముద్రపు లోతు నీరు మామూలుగా 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. 1960ల మధ్యలో ఈ గుంట అడుగున నీటిని తీసి చూస్తే 56 డిగ్రీలు. తర్వాతి దశాబ్దాల్లో అది అరవై దాటి ఇంకా పెరిగింది. కిలో నీటిలో సుమారు 270 గ్రాముల ఉప్పు, అంటే మామూలు సముద్రపు నీటికి ఏడు రెట్లకు పైనే.

లోహం ఎలా వచ్చిందో ఒక్కో మెట్టుగా చూద్దాం. చల్లటి నీరు పగుళ్లలోంచి దిగుతుంది. సుమారు 150 డిగ్రీలు దాటాక అందులోని కాల్షియం, సల్ఫేట్ కలిసి అన్‌హైడ్రైట్‌గా పగుళ్లలోనే పేరుకుంటాయి. మెగ్నీషియం రాయిలో ఇరుక్కుని ఆమ్లాన్ని వదులుతుంది. నీరు వేడిగా, ఆమ్లంగా, ఆక్సిజన్ లేకుండా తయారవుతుంది. అలాంటి నీరు బసాల్ట్‌లోని ఇనుము, రాగి, జింకు, గంధకాన్ని కడిగేస్తుంది. లోహాన్ని మోసేది ముఖ్యంగా క్లోరైడే. కాబట్టి నీరు ఎంత ఉప్పుగా ఉంటే అంత లోహం మోస్తుంది. ఎర్రసముద్రంలో ఈ నీరు దారిలో ఉప్పు పొరలను కరిగించుకుంటుంది. చీలిక తొలి దశలో ఎండిన సముద్రం మిగిల్చిన ఉప్పు, తర్వాతి దశలో లోహం మోసే బండి అయింది.

రెండో లాభం ఇంకా పెద్దది. మామూలు రిడ్జ్ (పలకలు విడిపోయే చోట సముద్రం అడుగున లేచిన పర్వతాల వరస) మీద నల్ల పొగగొట్టం, అంటే వేడినీటి బుగ్గ చుట్టూ ఖనిజం పేరుకుని లేచిన గొట్టం, చిమ్మే 350 డిగ్రీల నీరు చుట్టూ ఉన్న నీటికన్నా తేలిక. వందల మీటర్లు పైకి లేచి ప్రవాహాల్లో కలిసిపోతుంది, లోహంలో చాలా భాగం దానితోపాటే పోతుంది. పొగగొట్టం దగ్గర మిగిలేది కొద్దిగా. అట్లాంటిస్ టూలో నీరు ఉప్పు బరువుకి పైకి లేవలేదు. గుంటలోనే నిలవ ఉండి, లోహాన్ని బురదగా అడుగుకు దించుతుంది. అలా 10 నుంచి 30 మీటర్ల మందాన లోహపు బురద పేరుకుంది. ఉప్పూ నీరూ తీసేశాక సుమారు 9 కోట్ల టన్నులు, అందులో జింకు 2 శాతం దగ్గర, రాగి అర శాతం దగ్గర, టన్నుకు 39 గ్రాముల వెండి అని లెక్కలు వేశారు.

1974లో సౌదీ అరేబియా, సూడాన్ ఈ సంపదను పంచుకునే ఒప్పందం చేసుకున్నాయి. 1979లో సెడ్కో 445 అనే డ్రిల్లింగ్ ఓడ నుంచి రెండు కిలోమీటర్ల గొట్టం దించి, సుమారు 15,000 ఘనమీటర్ల బురద, ఉప్పునీరు పైకి తోడి చూశారు. తోడటం కుదిరింది. చిక్కు తర్వాత వచ్చింది. బురదలోని రేణువులు చాలావరకు రెండు మైక్రాన్లకన్నా చిన్నవి. గనుల్లో సల్ఫైడ్‌ను వేరుచేసేది నురగ పద్ధతిలో, గాలి బుడగకు రేణువు అంటుకుని పైకి తేలాలి. రేణువు మరీ చిన్నదైతే బుడగను తాకకుండా పక్కనుంచి జారిపోతుంది. పైగా ఒక టన్ను పనికొచ్చే పదార్థానికి ఎన్నో టన్నుల వేడి ఉప్పునీటిని తోడి మళ్లీ ఎక్కడో వదలాలి. ఎక్కడ, ఎంత లోతున వదలాలన్నదే ఆ గుంటకు అసలు ప్రశ్న అని నా అభిప్రాయం.

కాలిఫోర్నియా సింధుశాఖలోని గ్వాయ్‌మస్ బేసిన్ ఇలాంటి లేత చీలికే, కానీ అక్కడ ఉప్పు బదులు బురద. ఏడాదికి ఒక మిల్లీమీటరు, అంతకన్నా ఎక్కువ వేగంతో సూక్ష్మజీవుల అవశేషాలు కలిసిన బురద పడుతుంది. పైకి వచ్చే శిలాద్రవం సముద్రపు అడుగుదాకా చేరకుండా, ఆ మెత్తటి బురదలోకే అడ్డంగా చొచ్చుకుపోతుంది. వేడికి జీవపదార్థం ఉడికి పెట్రోలియం అవుతుంది. సుమారు 315 డిగ్రీల నీరు బురదను దాటి వస్తూ సున్నంతో, అమ్మోనియాతో కలిసి ఆమ్లత్వం కోల్పోతుంది, లోహాన్ని దారిలోనే వదిలేస్తుంది. అందువల్ల పైన కనిపించే పొగగొట్టాల్లో లోహం తక్కువ. పైనున్నది చూసి 'ఇక్కడేమీ లేదు' అనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. బురద కప్పిన రిడ్జ్‌లో ఎంత దాగుంటుందో వాంకూవర్ దీవికి పడమట మిడిల్ వ్యాలీలో తెలిసింది. 1991లో బెంట్ హిల్ దగ్గర 95 మీటర్లు సల్ఫైడ్‌లోనే తవ్వుకుంటూ పోయారు, అప్పటికీ దాని అడుగు తగల్లేదు. అట్లాంటిక్ మధ్యలో బాగా పేరున్న టాగ్ అనే సల్ఫైడ్ దిబ్బ 200 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల ఎత్తు. అంతటి దిబ్బలోనూ ఉన్నది నలభై లక్షల టన్నుల దరిదాపే.

అడుగు ఏ రాయన్నది ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. బసాల్ట్ మీది బుగ్గలు రాగి, జింకు ఇస్తాయి. అట్లాంటిక్ మధ్య రిడ్జ్‌లో మాంటిల్ రాయి మీద ఉన్న రెయిన్‌బో లాంటి బుగ్గల్లో వాటికి తోడు కోబాల్ట్, నికెల్ కూడా చేరతాయి. అదే మాంటిల్ రాయి మీద, 2000 సంవత్సరంలో కనుగొన్న లాస్ట్ సిటీలో నీటి వేడి 40 నుంచి 90 డిగ్రీలే, పైగా క్షార నీరు. అక్కడ అరవై మీటర్ల తెల్లటి సున్నపు స్తంభాలు లేచాయి గానీ లోహం లేదు. రాయి ఒక్కటే చాలదు, దాన్ని కడిగే వేడి కూడా ఉండాలి.

ఖండం విడిపోయి సముద్రం వెడల్పయ్యాక ఆ వేడి రిడ్జ్‌తోపాటు దూరం జరుగుతుంది. పాత అంచు చల్లారుతుంది, చీలిక నాటి ఖనిజం ఏదైనా ఉంటే కిలోమీటర్ల మట్టి కింద పడిపోతుంది. దాన్ని సముద్రంలో తవ్వే మార్గం లేదు. కానీ కోట్ల ఏళ్ల తర్వాత పలకలు ఢీకొని ఆ అంచును నేలమీదికి మడిచి పెడితే గని అవుతుంది. కెనడాలోని సలివన్, ఆస్ట్రేలియాలోని మౌంట్ ఐసా, మెక్ఆర్థర్ రివర్, అలాస్కాలోని రెడ్ డాగ్ వంటి సీసం, జింకు గనులు పాత చీలిక గుంటల్లో, పాత ఖండపు అంచుల్లో అవక్షేపాల మధ్య పుట్టినవే. ఇంట్లో వాడే గాల్వనైజ్డ్ రేకు మీది జింకుకు మూలం ఇలాంటి ఒక మునిగిన గుంట కావచ్చు.

చల్లారిన అంచు మీద బురదదే పెత్తనం

పాత అంచు మీద వేడి లేదు. అయినా ఖనిజం పుడుతుంది. ఇక్కడ సూత్రం ఒక్కటే, నిదానంగా పెరిగే ఖనిజాన్ని బురద కప్పేయకూడదు.

మాంగనీస్ ముద్ద పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్ల నుంచి పది, ఇరవై మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. అగాధ మైదానంలో బురద వెయ్యేళ్లకు కొన్ని మిల్లీమీటర్లు పడుతుంది. వెయ్యేళ్లకు 5 మిల్లీమీటర్లు అనుకున్నా పది లక్షల ఏళ్లకు 5 మీటర్లు. ఆ లెక్కన ముద్దలన్నీ ఎప్పుడో పూడిపోవాలి. అడుగున తిరిగే జీవులు వాటిని కదిలించడం, ప్రవాహాలు బురదను ఊడ్చేయడం వల్ల పైనే ఉండగలుగుతున్నాయి. ఖండపు అంచు మీద వెయ్యేళ్లకు వంద మిల్లీమీటర్లు పడటం మామూలే, అక్కడ ఏ జీవీ వాటిని కాపాడలేదు.

లోతు కూడా లెక్కలో ఉంది. సముద్ర భూపటలం పుట్టినప్పుడు సుమారు 2,600 మీటర్ల లోతున ఉంటుంది. తర్వాత వయసు వర్గమూలంతో పాటు కుంగుతుంది. వయసు 2.5 కోట్ల ఏళ్లయితే, అంటే పది లక్షల ఏళ్ల లెక్కన 25 అయితే, వర్గమూలం 5; 2,600కు 350 ఇంటూ 5 కలిపితే 4,350 మీటర్లు. సుమారు ఆ లోతు దాటాక సున్నపు గుల్లలు కరిగిపోతాయి, అడుగుకు చేరే పదార్థం బాగా తగ్గుతుంది. పసిఫిక్‌లోని క్లారియన్–క్లిప్పర్టన్ ప్రాంతంలో ముద్దలు విస్తారంగా ఉండటానికి కారణం ఈ కలయికే: పాత అడుగు, చాలినంత లోతు, ఏ ఖండం నుంచీ బురద అందనంత దూరం.

నియమం ఇదైతే, అమెరికా ఆగ్నేయ తీరం దగ్గరి బ్లేక్ పీఠభూమి మీద ముద్దలు ఎందుకున్నాయి? అది చీలిన ఖండపు అంచే. లోతు వెయ్యి మీటర్ల లోపు. 1970లో డీప్‌సీ వెంచర్స్ సంస్థ గాలి పీడనంతో ముద్దలను పైకి లాగే యంత్రాన్ని పరీక్షించింది అక్కడే, సుమారు 760 మీటర్ల లోతున. జవాబు గల్ఫ్ స్ట్రీమ్. ఆ ప్రవాహం పీఠభూమిని ఊడ్చి శుభ్రంగా ఉంచుతుంది, బురద నిలవదు. కాబట్టి ముద్దలకు కావలసింది లోతు కాదు, బురద లేకపోవడం. లోతు అందుకు ఒక మార్గం, ప్రవాహం ఇంకో మార్గం.

కోబాల్ట్ పెచ్చులదీ ఇదే దారి. మునిగిన కొండల వాలు మీద బురద నిలవదు కాబట్టి రాయి బయటే ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ తక్కువగా ఉండే పొరలో మాంగనీస్ కరిగి ఉంటుంది. కొండ చుట్టూ ప్రవాహాలు ఆ నీటిని ఆక్సిజన్ ఉన్న నీటితో కలిపినప్పుడు రాతి మీద పేరుకుంటుంది. పది లక్షల ఏళ్లకు ఒకటి నుంచి ఆరు మిల్లీమీటర్లు. కెనరీ దీవులకు నైరుతిన ఉన్న ట్రోపిక్ కొండ, ఐబీరియా అంచు మీది గలీసియా బ్యాంక్ ఇలా పెచ్చు కట్టినవే. తవ్వకంలో చిక్కు మందంతోనే. పది సెంటీమీటర్ల పెచ్చు కింది రాయిని గట్టిగా పట్టుకుని ఉంటుంది. యంత్రం ఇంకో పది సెంటీమీటర్లు లోతుగా గీరిందంటే లోహం శాతం సగానికి పడిపోతుంది.

ఫాస్ఫేట్‌కు మాత్రం జీవపదార్థం కావాలి. నమీబియా తీరంలో లోతు నుంచి పోషకాలతో ఉబికివచ్చే నీరు ప్లాంక్టన్‌ను విపరీతంగా పెంచుతుంది. చచ్చి పడినది కుళ్లే ఆ బురదలో బతికే బాక్టీరియాలో కొన్ని ఫాస్ఫేట్‌ను ఒంట్లో దాచుకుని, ఆక్సిజన్ లేని సమయంలో వదులుతాయి. 1999లో వర్ణించిన థయోమార్గరీటా నమీబియెన్సిస్ అలాంటిదే, కంటికి కనిపించేంత పెద్ద బాక్టీరియా. వదిలిన ఫాస్ఫేట్ బురద రంధ్రాల్లో అపటైట్ అనే ఫాస్ఫేట్ ఖనిజపు గుళికలుగా గట్టిపడుతుంది. అక్కడితో ఆగితే అది ఫాస్ఫేట్ కలిసిన బురదే. సముద్రమట్టం తగ్గినప్పుడు అలలు బురదను కడిగేసి బరువైన గుళికలను మిగిల్చితేనే నిక్షేపం అవుతుంది. న్యూజిలాండ్‌కు తూర్పున చాథమ్ రైజ్ మీద, 350 నుంచి 450 మీటర్ల లోతున ఇలాంటి ఫాస్ఫేట్ ముద్దలు ఉన్నాయి. అక్కడ తవ్వుతామన్న దరఖాస్తును 2015 ఫిబ్రవరిలో ఆ దేశపు పర్యావరణ సంస్థ తిరస్కరించింది. ఆ ముద్దలే గట్టి నేలగా చేసుకుని బతికే పగడాలు తవ్వకంతో పోయాక తిరిగి రావడానికి చోటుండదన్నది ముఖ్య కారణాల్లో ఒకటి.

వజ్రాల కథలో చీలిక చేసిన పని ఎత్తు ఇవ్వడం. దక్షిణాఫ్రికా లోపలి పీఠభూమి పైకి లేచి ఉండటం వల్ల ఆరెంజ్ నది కింబర్లైట్లను (వజ్రాలను లోతు నుంచి పైకి తెచ్చిన అగ్నిశిలలు) కోసి వజ్రాలను అట్లాంటిక్‌కు మోసింది. సుమారు 20,000 ఏళ్ల క్రితం సముద్రమట్టం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి ఉండేది. అప్పటి తీరాల గులకరాళ్లే ఇప్పుడు సముద్రపు అడుగు. నమీబియా నౌకలు ఈ లోతుల్లో సుమారు 280 టన్నుల పాకే యంత్రంతో గులకను పీల్చి వజ్రాలు తీస్తున్నాయి. పగుళ్లున్న రాళ్లు దారిలోనే పగిలిపోతాయి కాబట్టి ఇంత దూరం చేరిన వాటిలో ఎక్కువభాగం నగలకు పనికొచ్చేవే.

లెక్క ఎక్కడ తప్పుతుంది

ఓడ నుంచి ధ్వనితో లోతు కొలిచే మల్టీబీమ్ సోనార్ కిరణం వెడల్పు ఒక డిగ్రీ అనుకుందాం. 4,000 మీటర్ల లోతున అది అడుగున సుమారు 70 మీటర్ల మచ్చ. ఇరవై మీటర్ల పొగగొట్టం ఆ మచ్చలో కలిసిపోతుంది. స్వయంచాలక జలాంతర్గామిని అడుగుకు యాభై, వంద మీటర్ల ఎత్తులో నడిపితే మచ్చ ఒకటి, రెండు మీటర్లకు తగ్గి దిబ్బ కనిపిస్తుంది. నీటిలో మసక, రసాయన మార్పు చూసే సెన్సర్లు పనిచేసేది బుగ్గ బతికి ఉన్నంతకాలమే. చచ్చిన దిబ్బలే తవ్వకానికి అనువైనవి, వాటికోసం అయస్కాంత కొలత చూడాలి. వేడినీరు బసాల్ట్‌లోని మాగ్నెటైట్‌ను నాశనం చేసి ఉంటుంది కాబట్టి అక్కడ అయస్కాంతత్వం గుంటలా తగ్గి కనిపిస్తుంది.

నమూనాల్లో మోసం ఇంకా ఎక్కువ. రోబో చేయి విరిచేది అందుబాటులో ఉన్న పొగగొట్టపు ముక్కను. రాగి, బంగారం అత్యధికంగా ఉండేదీ అందులోనే. దిబ్బ లోపల చాలా భాగం పైరైట్ (ఇనుప సల్ఫైడ్), అన్‌హైడ్రైట్. పైముక్కల సగటును దిబ్బ మొత్తానికి అంటగడితే సంఖ్య అద్భుతంగా ఉంటుంది, గని మాత్రం ఉండదు. రంధ్రాలు వేయకుండా ప్రకటించిన టన్నులను నమ్మకూడదు.

మాంగనీస్ ముద్దల లెక్క కాస్త నిజాయితీగా ఉంటుంది, అవి పైనే కనిపిస్తాయి కదా. అక్కడ కూడా తడి బరువా, పొడి బరువా అని అడగాలి. ముద్దలో మూడో వంతుకు దగ్గరగా నీరే. చదరపు మీటరుకు తడి 15 కిలోలు అంటే పొడి 10.5. చదరపు కిలోమీటరుకు 10,500 టన్నులు. 1.3 శాతం చొప్పున నికెల్ సుమారు 137 టన్నులు. ఏడాదికి 15 లక్షల టన్నుల పొడి ముద్దలు కావాలంటే, ఒక్కటీ వదలకుండా ఏరినా 140 చదరపు కిలోమీటర్లకు పైగా అడుగును గీరాలి. నిజానికి యంత్రం కొన్నింటిని వదిలేస్తుంది, వైశాల్యం ఇంకా పెరుగుతుంది.

గీత ఎవరిది

ఇంత చేశాక ఆ ఖనిజం ఎవరిదన్న ప్రశ్న మళ్లీ చీలిక దగ్గరికే తెస్తుంది. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా అడుగు ఆ దేశానిదే, ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. అది దాటి హక్కు కావాలంటే సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందంలోని 76వ అధికరణం ప్రకారం ఖండపు అంచు అంతవరకు సాగిందని చూపాలి. మొదట వాలు పాదం గుర్తించాలి, అంటే వాలు అడుగున ఏటవాలు అత్యధికంగా మారే బిందువు. అక్కడి నుంచి 60 నాటికల్ మైళ్లు కొలవవచ్చు. లేదా అవక్షేపాల మందం, పాదం నుంచి ఉన్న దూరంలో కనీసం ఒక శాతం ఉన్నంతవరకు పోవచ్చు. ఎటు పోయినా తీరం నుంచి 350 మైళ్లు, లేదా 2,500 మీటర్ల లోతు గీతకు అవతల 100 మైళ్లు దాటకూడదు. ఆ అవతల అడుగు జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉన్న అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ పరిధిలోకి వస్తుంది. 200 మైళ్లు దాటిన సొంత భాగంలో తవ్వినా మొదటి ఐదేళ్లు తప్ప, ఆరో ఏడు ఉత్పత్తిలో ఒక శాతంతో మొదలై పన్నెండో ఏటికి ఏడు శాతానికి పెరిగే వాటాను ఆ సంస్థ ద్వారా ఇతర దేశాలకు పంచాలి. తవ్వే ఖనిజాన్నే నికరంగా దిగుమతి చేసుకునే వర్ధమాన దేశాలకు ఇందులో మినహాయింపు ఉంది.

ఈ సూత్రం రాసినవాళ్ల మనసులో ఉన్నది అట్లాంటిక్ లాంటి అంచు. బంగాళాఖాతంలో అది సరిపోలేదు. గంగా బ్రహ్మపుత్రలు తెచ్చిన మట్టి అక్కడ వాలు పాదాన్నే పూడ్చేసి, వేల కిలోమీటర్ల దూరం పరుచుకుంది. మామూలు సూత్రంతో గీస్తే కిలోమీటర్ల మందాన మట్టి ఉన్న ప్రాంతం గీత బయట పడుతుంది. అందుకే ఒప్పందపు తుది పత్రానికి రెండో అనుబంధంగా ప్రత్యేక అవగాహన చేర్చారు. ఆ షరతులకు సరిపోయే చోట, అవక్షేపాల మందం కనీసం ఒక కిలోమీటరు ఉన్నంతవరకు గీత గీసుకోవచ్చు.

ఒక శాతం సూత్రాన్ని దగ్గరగా చూస్తే ఆధారం ఎంత సున్నితమో తెలుస్తుంది. వాలు పాదం నుంచి 100 కిలోమీటర్ల దూరంలో కావలసిన మందం 1 కిలోమీటరు. సీస్మిక్ పరికరం మందాన్ని కొలవదు, ధ్వని కిందికి పోయి తిరిగొచ్చిన సమయాన్ని కొలుస్తుంది. ఆ సమయం 0.8 సెకన్లు అనుకుందాం. అవక్షేపంలో ధ్వని వేగం సెకనుకు 2.5 కిలోమీటర్లు అయితే మందం సరిగ్గా 1 కిలోమీటరు, బిందువు నెగ్గుతుంది. వేగం 2.2 అయితే మందం 880 మీటర్లు, బిందువు ఓడుతుంది. అప్పుడు ఒక శాతం నిష్పత్తి కుదిరేదాకా గీత ఖండం వైపు వెనక్కి రావాలి. సున్నపు పొరలు ఎక్కువైతే వేగం పెరుగుతుంది, మెత్తటి బురద ఎక్కువైతే తగ్గుతుంది. పొర అడుగున ఉన్నది లావానా, సర్పెంటైనా, ఖండపు దిమ్మెనా అన్నది తేలకపోతే అవక్షేపం ఎక్కడ ముగిసిందో కూడా తేలదు. అప్పుడు ఆ 0.8 సెకన్ల సంఖ్యే మారిపోతుంది.